ఎస్సీ ఉపప్రణాళిక గడిలో “ఏమీ రాలేదు” అని రాసిన విద్యార్థినికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: అర్థశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది ప్రభుత్వ వ్యయం పాఠానికి వచ్చినప్పుడు పుస్తకంలోని నిర్వచనాలతో సరిపెట్టకుండా పిల్లలకు ఒక చిన్న పని అప్పగించాను. గడిచిన సంవత్సరంలో తమ ఇంటికి ప్రభుత్వం నుంచి వచ్చిన ప్రతి రూపాయినీ, అది ఏ పథకం పేరిట వచ్చిందో, ఎవరి చేతికి అందిందో ఒక కాగితం మీద రాసి తెమ్మన్నాను. రాయడానికి వీలుగా గడులు గీసి ఒక నమూనా కూడా ఇచ్చాను.

అందులో రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి తెచ్చిన కాగితం నా బల్ల మీద అలాగే ఉండిపోయింది. వాళ్ల నానమ్మకు నెలకు రూ.4,000 పింఛను, ప్రతి నెలా ఒకటో తేదీన గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి వేలిముద్ర వేయించుకొని ఇస్తారు. ఏడో తరగతి చదివే తమ్ముడి కోసం తల్లికి వందనం కింద 2025 జూన్‌లో అమ్మ ఖాతాలో రూ.13,000 పడ్డాయి. కార్డు మీద రేషను బియ్యం వస్తున్నాయి. ఆమె ఫీజు రీయింబర్స్‌మెంటు ఎదురుగా “రావాలి” అని ఉంది. చిట్టచివర “ఎస్సీ ఉపప్రణాళిక” (బడ్జెట్‌లో ఎస్సీల జనాభా నిష్పత్తికి తగ్గకుండా వారి కోసం విడిగా చూపవలసిన నిధి) అన్న గడిలో “ఏమీ రాలేదు” అని రాసి, ఆ మాట కింద రెండు గీతలు గీసింది.

ఆ గడికి మార్కు వేయబోయి ఆగిపోయాను. ఎందుకంటే బడ్జెట్ పుస్తకాల ప్రకారం ఆ జవాబు తప్పు. అందరికీ వర్తించే పథకాల్లో ఎస్సీ కుటుంబాలకు అందిన వాటాను ఉపప్రణాళిక వ్యయంగానే చూపుతారు కాబట్టి, ఆ ఇంటికి వచ్చిన రూ.13,000 కూడా అక్కడ ఎక్కే సొమ్మే. అయితే అదే బడిలో అదే బెంచీ మీద కూర్చునే మరో సామాజిక వర్గం పిల్లవాడి తల్లికీ అదే రూ.13,000 వచ్చింది. అలాంటప్పుడు ఉపప్రణాళిక వల్ల ఈ ఇంటికి విడిగా ఒనగూరింది ఏమిటి అని అడిగితే, ఆ అమ్మాయి రాసిన జవాబే సరైనదని నా మనసు చెబుతోంది.

ఈ సందేహం మన రాష్ట్రానికే పరిమితమైనది కాదు. తరగతిలో పోలిక కోసం అమెరికా ఉదాహరణ చెప్పాను. పేద కుటుంబాల పిల్లలకు 1935 నుంచి ఉన్న నగదు సహాయాన్ని రద్దు చేసి, దాని స్థానంలో 1996లో టాన్ఫ్ అనే పథకాన్ని తెచ్చారు. కేంద్ర ప్రభుత్వం ఏటా సుమారు 1,650 కోట్ల డాలర్లను రాష్ట్రాలకు గంపగుత్తగా ఇస్తుంది. ధరలు దాదాపు రెట్టింపైనా ఆ మొత్తం మాత్రం అప్పటి నుంచి పెరగలేదు. చట్టంలో నాలుగు ఉద్దేశాలు రాశారు. పిల్లలు సొంత ఇళ్లలోనే పెరిగేలా పేద కుటుంబాలను ఆదుకోవడం, పెద్దలను పనికి సిద్ధం చేయడం మొదటి రెండు. వివాహేతర గర్భధారణలను తగ్గించడం, తల్లిదండ్రులిద్దరూ కలిసి ఉండే కుటుంబాలను ప్రోత్సహించడం మిగతా రెండు. ఈ చివరి రెండింటికీ పేదరికం నిబంధన లేదు. అందువల్ల కళాశాల ఉపకార వేతనాల వంటి ఖర్చులను సైతం కొన్ని రాష్ట్రాలు ఈ నిధిలో చూపించగలిగాయి. నేరుగా పేద కుటుంబాల చేతికి నగదుగా వెళుతున్నది దేశం మొత్తం మీద సుమారు నాలుగో వంతే. మిసిసిపీ రాష్ట్రంలోనైతే కనీసం 7.7 కోట్ల డాలర్లు దుర్వినియోగమైనట్టు లెక్కల తనిఖీలో తేలింది. ఆ సొమ్ములో కొంత ఒక విశ్వవిద్యాలయపు వాలీబాల్ స్టేడియానికి వెళ్లింది.

అక్కడ ఉద్దేశం వదులుగా రాయడం వల్ల సొమ్ము పక్కదారి పట్టింది. మన దగ్గర నగదు ఇళ్లకు చేరుతూనే ఉంది, దాన్ని కాదనలేం. కాని చేరిన సొమ్మును ఏ పేరిట లెక్కించాలి, చేరనిది ఎక్కడ ఆగింది అన్నవి సామాన్యులకు తెలిసే మార్గం ఉందా? ఖజానాలోనూ సచివాలయాల్లోనూ పనిచేసినవారు వివరిస్తే పిల్లలకు సరిగా చెప్పగలుగుతాను.

జవాబు: విశ్రాంత ఖజానా ఉద్యోగి, గుంటూరు

అమ్మా, మీ విద్యార్థిని రాసినదీ నిజమే, బడ్జెట్ పుస్తకం చెప్పేదీ నిజమే. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ముప్పై ఏళ్లకు పైగా బిల్లులు చూసినవాడిగా నాకు తెలిసినంత మేరకు విడమరచి రాస్తాను. కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

ఉపప్రణాళిక చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చింది. జనాభాలో ఎస్సీ, ఎస్టీల నిష్పత్తికి తగ్గకుండా నిధులు విడిగా చూపాలన్నది దాని ప్రాణం. విభజన తర్వాత మన రాష్ట్రానికి అది ఎస్సీలకు 17.08 శాతం, ఎస్టీలకు 5.53 శాతం. మొదట పదేళ్ల గడువుతో చేసిన ఆ చట్టాన్ని 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించారు. బడ్జెట్ పుస్తకాల్లో ఏ శాఖలోనైనా 789 అన్న ఉపశీర్షిక కనబడితే అది ఎస్సీ భాగం, 796 కనబడితే గిరిజన భాగం. మీ పిల్లలకు ఈ రెండు అంకెలు చూపిస్తే చాలు, పుస్తకాన్ని వాళ్లే తిరగేసుకోగలరు.

చిక్కంతా చట్టంలోనే ఉన్న ఒక వెసులుబాటు దగ్గర ఉంది. కేవలం ఎస్సీ కుటుంబాలకో, ఎస్సీ వాడలకో ఉద్దేశించిన పనులైతే ఖర్చు మొత్తాన్ని ఆ పద్దులో చూపవచ్చు. అందరితో పాటు ఎస్సీలకూ అందే పథకమైతే వారికి చేరిన మేరకు చూపవచ్చు. రోడ్లు, ప్రాజెక్టుల వంటి విడదీయలేని పనుల్లోనూ కొంత భాగాన్ని చూపే వీలుంది. పింఛన్లు, బడికి పంపినందుకు ఇచ్చే సొమ్ము, ఫీజులు వంటి పెద్ద పథకాలు పెరిగిన కొద్దీ, ఆ వాటాలతోనే జనాభా నిష్పత్తి నిండిపోతుంది. కాగితం మీద లక్ష్యం నెరవేరుతుంది. అప్పుడు నలిగిపోయేవి ఏవంటే, ఆ వర్గానికి ప్రత్యేకంగా ఉండవలసిన స్వయం ఉపాధి రాయితీలు, భూమి కొనుగోలు, బోర్లు, వసతి గృహాల మరమ్మతులు. ఒక పార్టీ పాలనలో జరిగింది, మరొక పార్టీ పాలనలో జరగలేదు అని చెప్పగల విషయం కాదిది. పథకాల పేర్లు మారాయి గాని, పద్దు నింపే పద్ధతి మారలేదు.

నేనైతే ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేస్తాను. ఉపప్రణాళిక అన్న మాటకు అర్థం అందరికీ వచ్చేదానికి పైన మరికొంత రావడం. ఆమె సరిగ్గా దాన్నే చూసింది.

ఇక చేరనిది ఎక్కడ ఆగిందన్న ప్రశ్న. కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు, చేతికి అందడం వేరు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో శాసనసభలో చదివేది కేటాయింపు. ఆ తర్వాత ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇస్తేనే సొమ్ము కదులుతుంది. ఆ ఉత్తర్వు మూడు నెలలకో ఆరు నెలలకో రావచ్చు, కొన్ని పథకాలకు అసలు రాకనూ పోవచ్చు. మార్చి 31 రాత్రితో మిగిలిన కేటాయింపు మురిగిపోతుంది. అలా మురగకుండా కొంత సొమ్మును పీడీ ఖాతాల్లోకి, అంటే అధికారుల పేరిట ఖజానాలో ఉండే పర్సనల్ డిపాజిట్ ఖాతాల్లోకి, మార్చే అలవాటు ఒకటి ఉంది. ఆ ఖాతాలోకి వెళ్లగానే ప్రభుత్వ లెక్కల్లో అది ఖర్చయినట్టే నమోదవుతుంది, అప్పటికి ఒక్క లబ్ధిదారుడికి పైసా అందకపోయినా సరే. ఈ పద్ధతిని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికల్లో మళ్లీ మళ్లీ తప్పుపడుతూనే వచ్చింది. మార్చి నెలాఖరున బిల్లుల కట్టల మధ్య రాత్రి పదకొండింటి దాకా కూర్చున్న రోజుల్లో, ఈ సంఖ్య రేపు పత్రికలో ఖర్చుగా వస్తుంది కదా అని నాకు ఎన్నోసార్లు బాధ కలిగింది.

అందువల్ల పిల్లలకు కేటాయింపు అంకెలు చూపించకండి. 2025-26 బడ్జెట్ పుస్తకంలో 2023-24 సంవత్సరపు వాస్తవ లెక్కలు ఒక వరుసలో ఉంటాయి. రెండేళ్ల నాటి ఆ వరుసనే నమ్మదగినదిగా తీసుకొని, ఆ ఏడాది మొదట ఎంత చెప్పారో పక్కన పెట్టి చూడమనండి. తేడా ఎక్కువగా ఉన్న పద్దులన్నీ ఎవరివో వాళ్లే కనిపెడతారు.

అమెరికా సంగతి రాశారు కనుక ఒక పోలిక. గంపగుత్త మొత్తం ఏళ్ల తరబడి కదలకపోవడం మన దగ్గరా ఉంది. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు రూ.200, 80 దాటితే రూ.500. దాదాపు రెండు దశాబ్దాలుగా ఆ రూ.200 అక్కడే ఉంది. అది కూడా పరిమిత సంఖ్యకే ఇస్తారు. మీ విద్యార్థిని నానమ్మ అందుకునే రూ.4,000లో మిగతాదంతా రాష్ట్రం భరించేదే. ఈ మాట మన పత్రికల్లో రావలసినంతగా రావడం లేదు.

జవాబు: వార్డు సచివాలయంలో పనిచేసిన వ్యక్తి, విజయవాడ

ఖజానా పెద్దాయన గారు సొమ్ము పైనుంచి కిందికి ఎలా వస్తుందో చెప్పారు. కింద, మా బల్ల దగ్గర ఏమవుతుందో నేను చెబుతాను. విజయవాడలో ఒక వార్డులో నాలుగేళ్లకు పైగా సంక్షేమ పథకాల దరఖాస్తులు చూశాను.

సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాక, దరఖాస్తును కంప్యూటరులో ఎక్కించగానే ఆరంచెల పరిశీలన జరుగుతుంది. నగరంలో కుటుంబ ఆదాయం నెలకు రూ.12,000, పల్లెలో రూ.10,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు మించకూడదు. నెలసరి కరెంటు వాడకం 300 యూనిట్ల లోపు ఉండాలి. నాలుగు చక్రాల బండి ఉండరాదు, టాక్సీలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గాని, ఆదాయపు పన్ను కట్టేవారు గాని ఉండకూడదు. నగరంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపే ఉండాలి. చదివితే అన్నీ న్యాయంగానే అనిపిస్తాయి.

కృష్ణలంకలో ఒక ఇంటికి వెళ్లినప్పటి సంగతి ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. కింద మూడు పోర్షన్లు, పైన యజమాని, మొత్తానికీ ఒకే మీటరు. వెనుక పోర్షన్‌లో ఇళ్లలో పని చేసుకునే ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను, పాత టీవీ. పూర్వం ఎప్పుడో సర్వేలో ఆ మీటరు నంబరును ఆమె ఆధారుకు జత చేశారు. జాబితా వచ్చేసరికి ఆమె పేరు ఎదురుగా “విద్యుత్ వినియోగం 300 యూనిట్లకు మించినది” అని ఉంది. ఆమె బిల్లు కాగితం తెచ్చి నా ముందు పెట్టి, “అయ్యా, ఇందులో ఏసీ ఎవరిదో మీరే చెప్పండి” అని అడిగారు. పై అంతస్తులో ఏసీ ఆడుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది. నేను చేయగలిగింది అభ్యంతరం నమోదు చేయడం, విద్యుత్ కార్యాలయం నుంచి ఆ సర్వీసు ఆమెది కాదని రాయించుకొని రమ్మని పంపడం మాత్రమే. దానికి ఆమె మూడు రోజుల పని మానుకోవలసి వచ్చింది.

ఇంకొకటి కుటుంబ మ్యాపింగు, అంటే ఎవరు ఏ కుటుంబంలో సభ్యులో కంప్యూటరులో నమోదు చేయడం. పెళ్లయి హైదరాబాదులో కాపురం పెట్టిన కొడుకు పన్ను కడుతున్నాడనుకోండి, అతని పేరు ఇంకా తల్లి కుటుంబంలోనే ఉంటే తల్లికి పథకాలు ఆగిపోతాయి. అతను పైసా పంపకపోయినా అంతే. పేరు విడదీయించుకోవాలంటే ఎన్నిసార్లు తిరగాలో అనుభవించిన వారికే తెలుసు.

అనర్హుల జాబితాలో చేరిన ప్రతి ఇంటికీ వెళ్లవలసిన సొమ్ము మిగులుగా తేలుతుంది. అందులో నిజంగా అనర్హులు ఎందరో, మీటరు నంబరు తప్పుపడినవారు ఎందరో ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఉండదు. అధ్యాపకురాలు గారు పిల్లల చేత వచ్చినవి రాయించారు. రానివి ఏమిటో, ఎందుకు రాలేదో కూడా ఒక గడి పెట్టి రాయించండి.

జవాబు: మిర్చి యార్డు కూలీ కూతురు, గుంటూరు

అధ్యాపకురాలు గారికి నమస్కారం. మీ విద్యార్థిని “రావాలి” అని రాసిన ఫీజు సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. మా అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళుతుంది. సీజనులో సాయంత్రం ఇంటికి వచ్చాక కొబ్బరినూనె రాసుకొని చాలాసేపు చేతులు ముడుచుకోకుండా కూర్చుంటుంది, అంత మంట.

నేను ఇంజనీరింగు చదివాను. మా బ్యాచికి ఫీజు రీయింబర్స్‌మెంటు తల్లుల ఖాతాలో వేసి, తల్లి వెళ్లి కాలేజీకి కట్టే పద్ధతి ఉండేది. విడతలు ఆలస్యమయ్యాయి. చివరి సంవత్సరం సొమ్ము పడకముందే నా చదువు ముగిసింది. బకాయి తీర్చేదాకా ధ్రువపత్రాలు ఇవ్వలేమని కాలేజీ వాళ్లు చెప్పారు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, చేరే తేదీ కూడా ఇచ్చారు. అమ్మ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. ప్రభుత్వ సొమ్ము ఎప్పటికో వచ్చింది గాని, వడ్డీ ఎవరూ ఇవ్వలేదు.

ఖజానా పెద్దాయన గారిని ఒకటి అడగాలని ఉంది. ఒక పథకానికి ఏడాదిన్నర ఆలస్యంగా సొమ్ము విడుదల చేస్తే, లెక్కల్లో అది పూర్తిగా ఖర్చయినట్టే ఉంటుంది కదా? మా అమ్మ కట్టిన వడ్డీ ఏ పద్దులో కనబడుతుంది?

జవాబు: విశ్రాంత ఖజానా ఉద్యోగి, గుంటూరు

తల్లీ, ఎక్కడా కనబడదు. బకాయి పడిన బిల్లు కూడా చెల్లించే ఏడాది ఖర్చుగానే నమోదవుతుంది. అది ఎంతకాలం ఆగిందన్నది లెక్కల్లోకి రాదు. ఆ ఆలస్యాన్ని మీలాంటి కుటుంబాలే అప్పుగా మోశాయి. ఇంతకాలం పనిచేసి దీన్ని ఈ విధంగా ఆలోచించలేదని చెప్పడానికి నాకు కష్టంగా ఉంది.

అయితే తెలుసుకునే దారి ఒకటి ఉంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. “మా ఫీజు ఎందుకు రాలేదు” అని అడిగితే కారణాలు చెప్పనక్కరలేదని తిప్పి పంపే అవకాశం ఉంది. విడుదల ఉత్తర్వు తేదీ, బిల్లు ఖజానాకు చేరిన తేదీ, ఖాతాలో జమ అయిన తేదీ, ఈ మూడింటి నకళ్లు కావాలని రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

జవాబు: అర్థశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న తరగతిలో మీ జవాబులు చదివి వినిపించాను. ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేసి, బడ్జెట్ పుస్తకంలో 789 ఉపశీర్షిక ఉన్న పుటలు కూడా చూపించాను. చాలాసేపు తిరగేసి, “మేడమ్, మా తమ్ముడి డబ్బులు ఇక్కడ ఉన్నాయి, మా వాడలో బోరు మాత్రం ఏ పేజీలోనూ లేదు” అంది. వాళ్ల వాడలో బోరు పాడై రెండేళ్లయిందట.

సచివాలయంలో పనిచేసిన వారు చెప్పినట్టు నమూనాలో రెండు గడులు చేర్చాను. ఒకటి, అర్హత ఉందనుకున్నా రానివి, జాబితాలో రాసిన కారణంతో సహా. రెండోది, ఆలస్యం వల్ల చేసిన అప్పు, దాని వడ్డీ. ఈసారి పిల్లలు తమ ఇల్లు ఒక్కటే కాకుండా ఇరుగుపొరుగున మరో రెండిళ్లను కూడా అడిగి, పేర్లు లేకుండా రాసి తెస్తామన్నారు. బోరు గురించి ఆ అమ్మాయి చేతే దరఖాస్తు రాయించాను. ఉపప్రణాళిక కింద తమ వాడకు గడిచిన మూడేళ్లలో మంజూరైన పనులు, విడుదలైన మొత్తం, పని పూర్తయిన తేదీ అడిగింది. గ్రామ స్థాయిలో రుసుము లేదని మీరు రాశారు కాబట్టి, సోమవారం వాళ్ల నాన్నతో కలిసి వెళ్లి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకొని వస్తానంది.